సంత రోజు చూసుకుని కోరాపుట్ రండి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వైపు రావాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "అక్కడ చూడ్డానికి ఏమున్నాయి?" అని. దేవ్‌మాలి ఉంది, 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. డుడుమ జలపాతం ఉంది, గుప్తేశ్వరం గుహ ఉంది. అన్నీ బాగుంటాయి. కానీ రాయగడలో పుట్టి పెరిగిన తెలుగువాడిగా నేను చెప్పేది ఏంటంటే, ఈ ప్రాంతాన్ని పొలాల వెంట, సంతల వెంట తిరిగి చూడండి. ఊళ్ళు ఎందుకు అక్కడే కట్టుకున్నారు, రోడ్డు ఎటు పోతోంది, పొద్దున్నే ఎవరింట్లో ఏం తాగుతారు అన్నది అక్కడే అర్థమవుతుంది.

కార్తీకంలో అన్నయ్య, వదిన విజయనగరం నుంచి కారులో వస్తే నేను సెమిలిగుడలో వాళ్ళని కలుసుకున్నాను. శుక్రవారానికి చేరేలా బయల్దేరమని ముందే చెప్పాను. కుందులి సంత శుక్రవారమే.

ఆ సంత చూడకుండా కోరాపుట్ చూశామనడం కుదరదు. అల్లం బస్తాలు, క్యాబేజీ గుట్టలు, చింతపండు, కొండ చీపుర్లు, అడ్డాకుల కట్టలు. వాటి మధ్య ఎండు చేపల గంపలు. కొండ మీద పండిన అల్లం కిందకి దిగుతుంది, సముద్రం ఒడ్డున ఎండిన చేప పైకి ఎక్కుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జయపురం సంస్థానమంతా విశాఖపట్నం జిల్లాలోదే. సరిహద్దు గీత మారింది గానీ ఈ రాకపోకలు ఆగలేదు. సాలూరు వైపు నుంచి వచ్చే మన వ్యాపారులు ఇక్కడి యాస దేశియా ఎంత ధారాళంగా మాట్లాడతారో వింటే ఆశ్చర్యమేస్తుంది.

ఒక చోట ఆగిపోయాం. ఒక ముసలామె గంపెడు చోళ్ళు (రాగులు) తెచ్చింది. కొనే వ్యాపారి తన డబ్బాతో కొలుస్తున్నాడు, ప్రతిసారీ పైన గోపురంలా పోగుపెట్టి. "సరుకు ఆమెది, డబ్బా ఆయనదేటి?" అంది వదిన. ఆ మాట ముసలామెకి అర్థం కాకపోయినా, అప్పటికే తన ఒడిలోంచి సొంత కొలపాత్ర, ఇత్తడి మానిక తీసింది. మొత్తం మళ్ళీ కొలిపించింది. ప్రతి మానికనీ అరచేత్తో అంచుకు సమంగా తుడిచి మరీ పోసింది. ఆ డబ్బుతో ఉప్పు, సబ్బు, పొట్లం ఎండు చేపలు కొనుక్కుని నడిచి వెళ్ళిపోయింది. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలయ్యాక ప్రభుత్వం మద్దతు ధరకి చోళ్ళు కొంటోంది. అయినా ఇంట్లో ఉప్పు అయిపోయిన రోజున సంతకే రావాలి. అందుకే సంతలో ఈ ఆడవాళ్ళ దగ్గర బేరమాడకండి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

అక్కడి నుంచి లమ్తాపుట్ దారి పట్టాం. ఆ సీజన్లో గట్ల మీదంతా వలిసె పూలు, ఎటు చూసినా పసుపే. కారు నెమ్మదిగా పోనిచ్చి కొండని కింది నుంచి పైకి చూడండి. రెండు కొండల మధ్య నీరు ఊరే పల్లంలో మడి కింద మడి కట్టి వరి వేస్తారు, వాటిని జోలా అంటారు. వాగుకి అడ్డంగా గట్లు వేసి తరతరాలుగా నిలబెట్టుకున్న నేల అది. దాని పైన మెట్టలో చోళ్ళు, వలిసెలు. ఇంకా పైన వాలు మీద పోడు, అందులో సామలు, కందులు కలిపి. ఇళ్ళు చాలావరకు జోలాకి కాస్త ఎగువన, మెట్ట అంచున కనిపిస్తాయి. నీళ్ళున్న పల్లాన్ని ఇంటి కోసం పాడుచేసుకోరు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. ఆ పొలాల ముందు నిలబడితే ఆ గుర్తింపు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

లమ్తాపుట్ దగ్గర ఒక పల్లెలో ఊరివాళ్ళే నడిపే బసలో ఉన్నాం. మట్టి గోడల గది, శుభ్రమైన దుప్పట్లు. మరుగుదొడ్డి బయట విడిగా ఉంటుంది, వేడి నీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తారు, ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు. రాత్రి చలి బాగా ఉంది, ఇంకో రగ్గు అడిగితే వెంటనే ఇచ్చారు. పొద్దున్నే చోడి అంబలి. పిండిలో నూకలు వేసి కాచి, కాస్త పులియనిచ్చి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి ఉంచుతారు. పొలానికి అదే బుర్ర భుజాన వేసుకుని వెళ్తారు. మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది, కడుపులో నిలబడుతుంది. భోజనానికి సామన్నం, కందిపప్పు, ఎండు చేపలు వేసి వండిన వెదురు కొమ్ముల కూర. అన్నయ్య రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఈ యాత్రలో నేను మనసారా సిఫారసు చేసే బస ఇదే. డబ్బు నేరుగా ఆ ఊరికే చేరుతుంది.

జయపురంలో హోటల్ గది సౌకర్యంగానే ఉంది. లిఫ్ట్, గీజర్, ఏ టెన్షన్ లేదు. భోజనం మాత్రం నిరాశే. మెనూ నిండా పనీర్, ఫ్రైడ్ రైస్. వరికి పుట్టినిళ్ళలో ఒకటిగా శాస్త్రవేత్తలు లెక్కేసే జయపురం గడ్డ మీద, ఇక్కడి బియ్యం ఒక్క రకమైనా వడ్డించకపోతే బాధ కలగదా? బస్టాండు వైపు ఒక తెలుగు మెస్సులో తిన్నాం. యజమాని తాతలది బొబ్బిలి. ఇక్కడి దేశవాళీ బియ్యం కాలాజీర వండరా అని అడిగితే, "ఆ బియ్యానికి ప్లేటు ధర ఎవరిస్తారు బాబూ, మా ఇంట్లోనే పండక్కి వండుకుంటాం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కాలాజీర ఆలస్యంగా కోతకొచ్చే పంట, దిగుబడి తక్కువ. ఎగువ కోలాబ్ కాలువ వచ్చిన పొలాల్లో ఎక్కువ పండే రకాలు దాని చోటు తీసుకున్నాయి. నల్ల పొట్టుతో జీలకర్రలా కనిపించే ఆ వడ్లు ఈ మాత్రం మిగలడానికి కారణం విత్తనం దాచిన రైతులే. పాత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పుజారి వందకు పైగా దేశవాళీ రకాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 జనవరిలో కోరాపుట్ కాలాజీరకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అదే ఏడు జూలైలో ఆవిడ కన్నుమూశారు. కొనేటప్పుడు రైతు సంఘాలు, మహిళా సంఘాలు అమ్మే ప్యాకెట్లే తీసుకోండి.

గురువారం ఒనకఢిల్లీ సంత గురించి ఒక మాట. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం వల్ల పెరిగిన ఊరు అది. 1955 నుంచి ఆ కరెంటు ఆంధ్ర, ఒడిశా రెండూ పంచుకుంటున్నాయి, తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొండ దిగి బోండా తెగ ఆడవాళ్ళు ఆ సంతకి వస్తారు. వాళ్ళని చూపిస్తామని తీసుకెళ్ళే టూర్లకి మాత్రం డబ్బు కట్టొద్దు. సరుకు కొనడానికి వెళ్ళండి, కెమెరా బ్యాగులోనే ఉంచండి.

రాయగడ వైపు వస్తే చాటికోన సంత బుధవారం. నియమగిరి కొండల నుంచి అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులు అల్లం, పసుపు, కాలాన్ని బట్టి అనాసలు మోసుకొస్తారు. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. సంతలో ఆ గంపలు చూస్తే వాళ్ళు కాపాడుకున్నది ఏమిటో చేత్తో పట్టుకుని చూసినట్టే.

కోరాపుట్ నుంచి రాయగడకి రైల్లో రండి, హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ జయపురం, కోరాపుట్, రాయగడ మూడింటినీ కలుపుతుంది. రాయగడలో తెలుగు భోజనానికి లోటు లేదు. ఆదివారాలు మాత్రం మజ్జిగౌరమ్మ దర్శనానికి మనవాళ్ళు బాగా వస్తారు కాబట్టి లాడ్జిలు నిండిపోతాయి. మంగళవారం సాయంత్రానికి దిగేలా చూసుకుంటే గది సులువుగా దొరుకుతుంది, తెల్లారి చాటికోన సంతకి వెళ్ళొచ్చు.