పాత సైన్ రూటర్ కొంటున్నారా? "కొత్త కంప్యూటర్ పెట్టి ఇస్తాం" అంటే ఒప్పుకోకండి

సైన్‌బోర్డుల అక్షరాలను కంప్యూటర్ సాయంతో కోసే సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ రూటర్ బేరం కుదిరాక అమ్మేవాళ్ళు ఒక తాయిలం చూపిస్తారు: "దీని కంప్యూటర్ బాగా పాతది సార్, కొత్తది పెట్టి ఇస్తాం." మురిసిపోకండి. డెమోలో యాక్రిలిక్ అక్షరాలు చక్కగా కోయించింది ఆ పాత డబ్బానే. అది వాళ్ళ దగ్గరే ఉండిపోయి విండోస్ 11 ఉన్నది మీ షాపుకొస్తే, బల్ల మీద స్పిండిల్ (కోసే బిట్‌ను తిప్పే మోటారు) ఉన్నచోటే ఉంటుంది.

ఆర్ట్‌క్యామ్, టైప్3 లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు పాతవైనా, 32-బిట్ ప్రోగ్రాములైతే 64-బిట్ విండోస్‌లో చాలావరకు తెరుచుకుంటాయి. "చూడండి, ఓపెన్ అయింది" అని చూపించేది అదే. తెరుచుకోవడం వేరు, కోయడం వేరు. మోటార్లకు పల్సులు పంపేది డ్రైవర్. అది విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని లోపలి గుండెకాయలో నడవాలి. 64-బిట్ విండోస్ 32-బిట్ కెర్నెల్ డ్రైవర్‌ను లోడ్ చేయదు. ఇలాంటి యంత్రాలను నడిపే మాక్3 అనే ప్రోగ్రాం వాడే పారలల్ పోర్ట్ (పాత ప్రింటర్ పోర్టు) డ్రైవర్ 32-బిట్‌దే. విండోస్ 11కి 32-బిట్ ఎడిషనే లేదు. స్టార్టప్‌లో ఎఫ్7 నొక్కి డ్రైవర్ సంతకం తనిఖీ ఆపేస్తే చాలని కొందరు టెక్నీషియన్లు చెబుతారు. ఆ కిటుకు సంతకం లేని 64-బిట్ డ్రైవర్లకే, అదీ మళ్ళీ రీస్టార్ట్ చేసేదాకే. ఇక్కడ దండగ.

తర్వాత తెచ్చేది యూఎస్‌బీ నుంచి పారలల్‌కి మార్చే కేబుల్. అది ప్రింటర్ కోసం చేసినది. మాక్3 వెతికేది 0x378 లాంటి చిరునామాలో ఉన్న అసలు పోర్టును. ఆ కేబుల్ అలాంటి పోర్టు ఇవ్వదు. పారలల్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్ తాళం లాంటి చిన్న ప్లగ్) కూడా దాని మీద పలకదు. మాక్3 బదులు ఎన్‌సీ స్టూడియో 5 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉన్న యంత్రమైతే కంప్యూటర్ లోపల పీసీఐ కార్డు ఉంటుంది. ఇప్పటి మదర్‌బోర్డుల్లో పీసీఐ స్లాటే దొరకడం కష్టం.

"డాంగిల్ అక్కర్లేదు, ఇది లేకుండానే నడుస్తుంది" అన్నారంటే క్రాక్ కాపీ అంటగడుతున్నారని అర్థం. డాంగిల్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కూడా సాధారణంగా ఒక కెర్నెల్ డ్రైవరే. ఒక అప్‌డేట్ రాగానో, యాంటీవైరస్ తీసేయగానో షాపు పని ఆగిపోతుంది. ఆటోడెస్క్ ఆర్ట్‌క్యామ్ అమ్మకాన్ని 2018లోనే ఆపేసింది, కాబట్టి కొత్త లైసెన్స్ కొని సరిచేసుకుందామన్నా కుదరదు.

కనుక డెమో చూపించిన కంప్యూటర్, కార్డు, కేబుల్, డాంగిల్ అన్నీ బిల్లులో రాయించండి. మీ షాపులో, అదే కంప్యూటర్ మీద, మీ ఫైల్‌తో ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్ మీద ఒక బోర్డు కోసి చూపించేదాకా చివరి వాయిదా ఇవ్వకండి. ఆ ఫైల్ తెలుగులో ఉండాలి. పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతాయి. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూతో కర్వ్స్‌గా (గీతలుగా) మార్చి డీఎక్స్‌ఎఫ్ ఫైల్‌గా పంపితేనే అక్షరం నిలుస్తుంది.

పాత కంప్యూటర్ చేతికొచ్చిన రోజే దాని డిస్క్‌ను క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్ (పూర్తి నకలు) తీసి వేరే డ్రైవ్‌లో పెట్టండి. మాక్3 ఫోల్డర్‌లోని మీ ప్రొఫైల్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ విడిగా కాపీ చేయండి: యాక్సిస్‌ల స్టెప్స్, పిన్‌ల నంబర్లు అందులోనే ఉంటాయి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చేయండి, కానీ ముందు బయోస్ (కంప్యూటర్ స్టార్టప్) సెట్టింగ్స్ ఫోటో తీసుకోండి. బ్యాటరీ చచ్చి బయోస్‌లో డిస్క్ నడిచే సాటా మోడ్ ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోతే విండోస్ ఎక్స్‌పీ 0x7బి అనే ఎర్రర్ ఉన్న నీలితెరతో ఆగిపోతుంది. దాన్ని చూసి డిస్క్ పోయిందని ఫార్మాట్ కొట్టిన వాళ్ళున్నారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ముగిసింది. నెట్ కలపకుండా పెన్‌డ్రైవ్‌తోనే నడిపించండి.

పాత కంప్యూటర్ ఇవ్వలేమంటే రెండు దారులు: మాక్3కి ప్లగిన్ ఉన్న యూఎస్‌బీ లేదా ఈథర్‌నెట్ మోషన్ కంట్రోలర్ (మోటార్లకు పల్సులు పంపే బోర్డు), లేదంటే పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా చదివే డీఎస్‌పీ హ్యాండిల్ (చేత్తో పట్టుకునే కంట్రోలర్). ఆ ఖర్చూ, వైరింగ్ కూలీ ధరలోంచి తగ్గించమనండి. వర్చువల్ మెషీన్‌లో, అంటే కొత్త విండోస్ లోపల నడిచే నకిలీ కంప్యూటర్‌లో, ఎక్స్‌పీ వేసి ఇస్తామంటే మాత్రం వద్దనండి. డిజైన్ పనికైతే పరవాలేదు, పల్సుల టైమింగ్ అందులో నిలవదు, కోత మధ్యలో స్టెప్పులు తప్పుతాయి.