స్టూడియోను కొనాలా, ఆటను ప్రచురిస్తే చాలా?

లైవ్ సర్వీస్ ఆటల (విడుదలయ్యాక కూడా ఆన్‌లైన్‌లో కొత్తవి చేరుస్తూ నడిపే వీడియో గేమ్‌ల) కోసం సోనీ రెండు దారులూ తొక్కింది. 2022లో గేమ్ స్టూడియో బంగీని 360 కోట్ల డాలర్లకు కొంది. ఆ డబ్బులో దాదాపు మూడో వంతు, ఉద్యోగులు జారిపోకుండా చూసుకోవడానికే. అయినా 2024 జులైలో అక్కడ 220 మందిని తీసేశారు. 2023లో కొన్న ఫైర్‌వాక్ స్టూడియో కథ మరీ ఘోరం: అది చేసిన 40 డాలర్ల షూటింగ్ ఆట కాంకార్డ్ 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేశారు. అలాంటిదే అయిన ఓవర్‌వాచ్ 2 ఉచితంగా దొరుకుతుంటే డబ్బు పెట్టేదెవరు? పైగా కాంకార్డ్‌లో అయిదుగురికి అయిదుగురు కుదరందే మ్యాచే మొదలయ్యేది కాదు.

స్వీడన్‌లోని యారోహెడ్ స్టూడియోను మాత్రం కొనలేదు, అది చేసిన హెల్‌డైవర్స్ 2 ఆటను ప్రచురించిందంతే. ధర అదే 40 డాలర్లు. 12 వారాల్లో 1.2 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. వార్‌బాండ్లకు (కొత్త ఆయుధాలు, కవచాలు ఇచ్చే ప్యాక్‌లు) గడువు లేదు, వాటిని కొనే ఆటలోని డబ్బు సూపర్ క్రెడిట్లు మిషన్‌లో తిరుగుతూ ఏరుకోవచ్చు. పీసీ ఆటలమ్మే స్టోర్ స్టీమ్‌లో కొన్నవాళ్లకూ పీఎస్‌ఎన్ (సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా తప్పనిసరి అన్నప్పుడు ఆటగాళ్లు రివ్యూల్లో ఉతికి ఆరేశారనుకోండి, సోనీ రోజుల్లోనే వెనక్కి తగ్గింది. నా ఓటు ప్రచురించడానికే: స్టూడియో సొంతం కాకున్నా ఆట హక్కులు సోనీవేగా!