వేసవి ఇంటర్న్‌షిప్ అన్నారు, టూరిస్టు వీసా ఫారం చేతిలో పెట్టారు: డబ్బు కట్టబోయే తల్లిదండ్రులకు హెచ్చరిక

మీ అబ్బాయికో అమ్మాయికో వేసవి సెలవుల్లో విదేశంలో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడుగుతుంటే, ముందు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ‘వీసా దరఖాస్తులో ప్రయాణ ఉద్దేశం అన్నచోట ఏమని రాస్తారు?’ దీనికి జవాబు నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తరువాతే డబ్బు సంగతి. మేము ఈ ప్రశ్న నాలుగు నెలలు ఆలస్యంగా అడిగాం. అప్పటికే లక్షా అరవై వేలు కట్టేశాం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కిందటి నవంబరులో వాళ్ల కాలేజీ సెమినార్ హాలులో హైదరాబాద్ కన్సల్టెన్సీ ఒకటి సమావేశం పెట్టింది. జర్మనీలో పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆరు వారాల పరిశోధన ఇంటర్న్‌షిప్, ప్రొఫెసర్ పర్యవేక్షణ, చివర సర్టిఫికెట్, పై చదువులకు పనికొచ్చే సిఫార్సు లేఖ అని చెప్పారు. ఇరవై సీట్లే ఉన్నాయని, పదమూడు నిండిపోయాయని కూడా అన్నారు. కాలేజీ హాలులో, కాలేజీ అధికారుల సమక్షంలో జరిగింది కాబట్టి కాలేజీ వాళ్లు అన్నీ విచారించే ఉంటారని మేము నమ్మాం. తరువాత వెళ్లి అడిగితే, ‘మేము హాలు మాత్రమే ఇచ్చాం, మిగతాది మీకూ వాళ్లకూ మధ్య వ్యవహారం’ అన్నారు. ఈ మాట నన్ను డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. పిల్లలు ఆ హాలులోకి కాలేజీ పిలిస్తేనే వెళ్లారు.

మొత్తం రుసుము రెండు లక్షల నలభై వేలు, విమానం టికెట్టు వేరు. సీటు ఖాయం చేయడానికి అరవై వేలు, జనవరిలో లక్ష, వీసా వచ్చాక మిగిలిన ఎనభై వేలు. ఏడాది తరువాత ఎత్తుకుందామనుకున్న చిట్టీని ముందే తక్కువకు పాడుకొని మొదటి రెండు విడతలూ కట్టాను. ఎంపిక కోసం ఫోనులో ఇంటర్వ్యూ చేశారు. ఎనిమిది నిమిషాలు. చదువుతున్న సబ్జెక్టులో ఒక్క ప్రశ్న కూడా లేదు. పాస్‌పోర్టు ఉందా, నాన్నగారు ఏం చేస్తారు, రెండో విడత ఎప్పుడు కడతారు, ఇవే ప్రశ్నలు. తొమ్మిది రోజుల్లో విశ్వవిద్యాలయం చిహ్నంతో, ఒక ప్రొఫెసర్ సంతకంతో ఆహ్వాన పత్రం వచ్చింది. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఇప్పుడు మళ్లీ తీసి చదివితే అందులో లేనివే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఏ ల్యాబ్‌లో పని, ఏ అంశం మీద, రోజుకు ఎన్ని గంటలు, ఒక్క మాట లేదు. ప్రొఫెసర్ ఈమెయిలు చిరునామా విశ్వవిద్యాలయానిది కాదు, ఎవరైనా ఉచితంగా తెరుచుకోగలిగే రకం. మాకు ఇచ్చిన రశీదుల మీద ఇంటర్న్‌షిప్ అన్న మాట ఎక్కడా లేదు, ‘సలహా సేవలు’ అని ఉంది. డబ్బు కూడా సంస్థ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి ఖాతాకు వేయించుకున్నారు.

మార్చిలో ఒక రాత్రి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోను చేసింది.

“అమ్మా, వీసా ఫారం నింపి పంపారు. సంతకం పెట్టి రేపటికల్లా పంపమంటున్నారు. ఇందులో ఇంటర్న్‌షిప్ అనే లేదు. ప్రయాణ ఉద్దేశం దగ్గర టూరిజం అని గుర్తు పెట్టారు. పద్నాలుగు రాత్రులకు హోటల్ బుకింగులు జతచేశారు, చివరి మూడు రాత్రులు పారిస్‌లో.”

ఆరు వారాలు పద్నాలుగు రోజులైంది. మిగతా నాలుగు వారాలు ఇంటికి వచ్చాక ఆన్‌లైన్‌లో ప్రాజెక్టు చేయిస్తారట. కన్సల్టెన్సీ వాళ్లకు ఫోను చేస్తే ఎత్తలేదు. గంట తరువాత వాట్సాప్‌లో వాయిస్ సందేశం వచ్చింది. ‘మేడమ్, అందరూ ఇలాగే వెళ్తారు. ఇంటర్న్‌షిప్ అని రాస్తే వీసా ఆలస్యమవుతుంది. కౌంటరులో ఎవరైనా అడిగినా ఆ మాట ఎత్తవద్దని అమ్మాయికి చెప్పండి.’

నా కూతురిని అబద్ధం చెప్పమని నాకే చెబుతున్నారని అర్థమైన క్షణం అది.

ఆ రాత్రి ఆ ఫారం పూర్తిగా చదివాం. జర్మనీ సహా షెంగెన్ దేశాలన్నింటికీ, అంటే ఒకే ఉమ్మడి వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకు, స్వల్పకాల వీసాకు ఇదే నమూనా. ప్రయాణ ఉద్దేశం కింద పర్యాటకం, వ్యాపారం, బంధుమిత్రుల సందర్శన, సాంస్కృతికం, క్రీడలు, వైద్యం, చదువు ఇలా విడివిడిగా గళ్లు ఉంటాయి. వేటిలోనూ ఇమడకపోతే ‘ఇతరం’ అని మరో గడి ఉంటుంది. అంటే నిజం రాయడానికి చోటు ఉంది, వీళ్లే రాయలేదు. సంతకం చేసే చోటికి పైన ఒక ప్రకటన ఉంటుంది. తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు తిరస్కరిస్తారనీ, ఇచ్చిన వీసా కూడా రద్దవుతుందనీ, ఆ దేశ చట్టం ప్రకారం విచారణ ఎదుర్కోవలసి రావచ్చనీ నాకు తెలుసు అని దరఖాస్తుదారు ఒప్పుకుంటున్నట్టు. మాకు పంపిన కాగితం మీద కన్సల్టెన్సీ పేరు ఎక్కడా లేదు. ఉండేది మీ పిల్లల సంతకం ఒక్కటే. షెంగెన్ దేశాల ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థలో ఈ వివరాలు, తిరస్కరణలతో సహా, ఐదేళ్ల వరకు నిల్వ ఉంటాయి. రెండేళ్ల తరువాత అదే అమ్మాయి ఎంఎస్ కోసం జర్మనీకి దరఖాస్తు పెడితే అధికారి ముందుకు ఈ పాత కాగితం వస్తుంది.

జర్మనీలోని సంస్థలో విదేశీ విద్యార్థి చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్ చేయడానికి ఒక పద్ధతి ఉందని కూడా ఆ తరువాతే తెలుసుకున్నాం. విద్యార్థి సాధారణంగా నాలుగు సెమిస్టర్లు పూర్తిచేసి ఉండాలి. చేర్చుకునే సంస్థే అక్కడి సమాఖ్య ఉపాధి సంస్థకు దరఖాస్తు పెట్టి సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి చూపించి, ఇంటర్న్‌షిప్ అని చెప్పి, వీసా అడగాలి. అంటే అసలైన ఇంటర్న్‌షిప్ అయితే అవతలి సంస్థ కూడా కొంత శ్రమ పడుతుంది, కాగితాలు పుట్టిస్తుంది. మా విషయంలో అవతలి వైపు నుంచి ఒక్క కాగితం కదలలేదు.

మర్నాడు మా అమ్మాయి విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఆ ప్రొఫెసర్ అసలు చిరునామా వెతికి, ఆహ్వాన పత్రం జతచేసి ఉత్తరం రాసింది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆ కార్యక్రమం గురించి తాను ఎప్పుడూ వినలేదనీ, సంతకం తనది కాదనీ, ఇలా జరిగినందుకు విచారిస్తున్నాననీ రాశారు. నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల కోసం మేము నవంబరులోనే రాసి ఉండవచ్చు, పైసా ఖర్చు లేదు. మీరు మాత్రం డబ్బు కట్టకముందే రాయండి. కన్సల్టెన్సీ ఇచ్చిన చిరునామాకు కాదు, మీరే వెతికి పట్టుకున్న చిరునామాకు.

వాళ్ల కాలేజీ నుంచి పదకొండు మంది డబ్బు కట్టారు. మేము చెప్పిన తరువాత కూడా నలుగురు వెళ్లివచ్చారు. కట్టిన డబ్బు పోతుందన్న భయంతో వెళ్లారు, వాళ్లను నేను తప్పుపట్టను. వచ్చాక ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చి అంతా చెప్పాడు. వాళ్లు దిగిన హాస్టల్ సమావేశపు గదిలో రెండు పూటలు ఉపన్యాసాలు, ఒక రోజు కార్ల మ్యూజియం, ఒక రోజు విశ్వవిద్యాలయం ఆవరణలో ఫోటోలు. ల్యాబ్ తలుపు లోపలికి ఎవరూ అడుగుపెట్టలేదు. సర్టిఫికెట్ మీద ఉన్న ముద్ర విశ్వవిద్యాలయానిది కాదు, కన్సల్టెన్సీది. ఆ అబ్బాయి దాన్ని రెజ్యూమెలో రాసుకోవచ్చా అని నన్ను అడిగాడు. వద్దని చెప్పాను. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ ప్రశ్న అడుగుతూ నేలచూపులు చూశాడు.

రుసుము తీసుకునే ప్రతివాళ్లూ మోసగాళ్లని నేను అనడం లేదు. విదేశీ విశ్వవిద్యాలయాలు నడిపే వేసవి పాఠశాలలు చాలా ఉన్నాయి. అవి ఫీజు తీసుకుంటాయి, పాఠాలు చెబుతాయి, తమను తాము వేసవి పాఠశాల అనే పిలుచుకుంటాయి. రెండు వారాలు యూరప్ చూపించి తీసుకొస్తామని చెప్పి డబ్బు తీసుకున్నా అది నిజాయితీ గల వ్యాపారమే, ఇష్టమున్నవాళ్లు వెళ్తారు. విహారయాత్రను పరిశోధన అని పేరు మార్చి రెట్టింపు ధరకు అమ్మి, ఆ అబద్ధం మీద పిల్లల చేత సంతకం పెట్టించడమే నా ఫిర్యాదు.

ఈ సంతకం సంగతి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై వీసా మోసం కేసులో అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు, కొందరు విద్యార్థుల కాళ్లకు జాడ తెలిపే ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించడం మనం టీవీల్లో చూశాం. వాళ్లలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ వ్యవహారంలో విశ్వవిద్యాలయమే అధికారులు పన్నిన వల. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు, విద్యార్థులను కూడా నిర్బంధించి వెనక్కి పంపారు. తెలిసే చేరారని అధికారులు, తెలియక మోసపోయామని పిల్లలు. ఎవరి మాట ఎలా ఉన్నా, కాగితం మీద పేరున్నవాళ్లు చదువులు పోగొట్టుకున్నారు.

జర్మనీ పేరు చెబితే ఇలా, అమెరికా పేరు చెబితే మరోలా వస్తారు. అమెరికాలో వేసవి ఉద్యోగాలకూ, ఇంటర్న్‌షిప్‌లకూ ఉన్నది జే-1 వీసా. దానికి డీఎస్-2019 అనే పత్రం కావాలి. ఆ పత్రం ఇచ్చే అధికారం అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్లకే ఉంది. వాళ్ల జాబితా ఆ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఇంటర్న్‌షిప్ అయితే డీఎస్-7002 అని ఇంకో పత్రం ఉంటుంది. పని ఏమిటి, ఎవరి పర్యవేక్షణలో, స్టైపెండ్ ఎంత అన్నవన్నీ అందులో రాసి సంతకాలు చేయాలి. మధ్యలో ఉన్న కన్సల్టెన్సీని స్పాన్సర్ ఎవరని అడగండి. పేరు చెప్పకుండా నీళ్లు నమిలితే అక్కడితో లేచి వచ్చేయండి. మా పాఠశాలలో ఒక సహోద్యోగి కొడుకుకు దుబాయ్ ఇంటర్న్‌షిప్ అని విజిట్ వీసా ఇప్పించబోయారు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం. ఆసియా దేశాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగాలని పిలిచి మన యువకులను మయన్మార్‌లోకి అక్రమంగా తరలిస్తున్నారని భారత విదేశాంగ శాఖే 2022 సెప్టెంబరులో హెచ్చరించింది. ఉద్యోగం కోసం టూరిస్టు వీసా మీద వెళ్లేముందు, పిలిచిన సంస్థ గురించీ ఏజెంట్ల గురించీ విచారించుకోవాలని కూడా చెప్పింది. ఏ దేశమైనా సరే, కిటుకు అదే: పని ఒకటి, వీసా మరొకటి.

అసలైన అవకాశాలు లేవా అంటే, ఉన్నాయి. మనకు వాటి గురించి హాలు పెట్టి చెప్పేవాళ్లే లేరు. జర్మనీ విద్యా వినిమయ సంస్థ డాడ్ నడిపే వైజ్ కార్యక్రమం కింద, ఎంపిక చేసిన సంస్థల్లో చదివే మన విద్యార్థులు వేసవిలో అక్కడి ల్యాబ్‌లకు వెళ్తారు. స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. ఆహ్వానించే ప్రొఫెసర్‌ను మాత్రం విద్యార్థే వెతుక్కోవాలి. కెనడాలో మిటాక్స్ సంస్థ నడిపే గ్లోబలింక్ పరిశోధన ఇంటర్న్‌షిప్ ఉంది, పన్నెండు వారాలు. జెనీవాలోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ వేసవి కార్యక్రమానికి మన దేశం నుంచి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, ఎంపికైనవాళ్లకు భత్యం ఇస్తారు. 1948లో మొదలైన అయెస్టె సంస్థ ఇంజనీరింగ్, సైన్సు విద్యార్థులను దేశాల మధ్య మార్పిడి చేస్తుంది. ఆతిథ్యమిచ్చే సంస్థ జీవన వ్యయానికి సరిపడా ఇస్తుంది, ప్రయాణ ఖర్చు విద్యార్థిది. వీటిలో పోటీ గట్టిగా ఉంటుంది, అందరికీ రావు. దరఖాస్తులు కూడా చాలా ముందుగా, సెప్టెంబరు నుంచి జనవరి లోపలే ముగిసిపోతుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ‘ఇంకా ఏడు సీట్లున్నాయి’ అని ఎవరైనా అంటే ఆ సీట్లు బస్సు సీట్లేనని నా నమ్మకం.

ఇక డబ్బు సంగతి. తిరిగి అడిగితే ఒప్పందంలోని ఒక వాక్యం చూపించారు, విడతలుగా కట్టినది వాపసు ఇవ్వబోమని. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాక యాభై వేలు ఇస్తామన్నారు, ఎవరికీ చెప్పబోమని రాసి సంతకం పెడితేనే. పెట్టలేదు. మరో నాలుగు కుటుంబాలతో కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాం. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే కమిషన్‌కు రుసుము లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి, న్యాయవాది తప్పనిసరి కాదు. ముందుగా మాట్లాడాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. డబ్బు ఆన్‌లైన్‌లో వేసిన వెంటనే మోసమని తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గంటలోనే చెప్పాలి, రోజులు గడిస్తే ఆ సొమ్మును ఖాతాలో ఆపడం కష్టం.

ఈ రోజు వరకు మాకు రూపాయి రాలేదు, కేసు నడుస్తోంది. ఐదు కుటుంబాల దగ్గరా రశీదులు ఉన్నాయి, ప్రొఫెసర్ ఉత్తరం ఉంది. అన్నిటికంటే గట్టిగా నిలబడుతున్నది మార్చిలో వచ్చిన ఆ వాయిస్ సందేశం, ఇంటర్న్‌షిప్ అనే మాట ఎత్తవద్దని చెప్పినది. మీ ఫోనులో కూడా అలాంటిది ఉంటే తొలగించవద్దు. ఇంకో చోట కూడా దాచి ఉంచండి.