కుక్కర్ మూత వచ్చేలోపు ఒక్క అర సర్దడం: మూడేళ్ళు పాటించాక

మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు రెండు పడక గదుల ఫ్లాటు. నేను, మా ఆయన, మా అత్తయ్యగారు ఉంటాం. అమ్మాయి పెళ్ళయి డాలస్ వెళ్ళింది, దాని సామాను మాత్రం వెళ్ళలేదు. ఈ ఇంటికి వచ్చిన పద్దెనిమిదేళ్ళలో లోపలికి వచ్చిన వస్తువు బయటికి పోయిన గుర్తు నాకైతే లేదు. దివాన్ కాట్ కింద, సోఫా వెనక, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన, ఎక్కడ చూసినా సంచులే.

2022 భోగికి ముందు ఆదివారం ఇల్లు సర్ది, అక్కర్లేనివి వదిలించుకుందామని నడుం బిగించాను. అన్నీ ఒకచోట కుప్ప పోసి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూడమని వీడియోల్లో చెబుతారు కదా, అలాగే బీరువా మొత్తం మంచం మీద గుమ్మరించాను. మధ్యాహ్నానికి ఒక కుప్ప మూడు కుప్పలైంది. రెండింటికి మా ఆడపడుచు ఫోన్ చేసి, పిల్లలతో వస్తున్నామంది. అన్నీ ఎక్కడివక్కడ కుక్కి, మోకాలితో నెట్టి తలుపు వేశాను. ఆ రోజు నిజంగా పారేసినవి ఒక చిరిగిన లంగా, రెండు విరిగిన హ్యాంగర్లు. తలనొప్పి మాత్రం రెండు రోజులుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతికి పేరేమీ లేదు. పొద్దున పప్పు కుక్కర్ స్టవ్ మీద పెట్టాక నాలుగు విజిల్స్ వచ్చి, స్టవ్ ఆపి, ఆవిరి పోయి మూత దానంతట అది వచ్చేదాకా పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోపు ఒక్క అర. వంటింట్లో కావచ్చు, బీరువాలో కావచ్చు, టీవీ కింద సొరుగు కావచ్చు. దానిలోవన్నీ పాత పేపరు మీదికి తీయడం, అర తుడవడం, వాడేవి మళ్ళీ సర్దడం. మిగిలినవాటిలో ఇచ్చేవి ఒక సంచిలో, పారేసేవి ఇంకో సంచిలో. ఎటూ తేలనివి ఒక అట్టపెట్టెలో, దాని మీద తేదీ. మూత వస్తే ఆపేయాలి, సగంలో ఉన్నా సరే. మిగిలినవి అలాగే అరలో పెట్టేసి వెళ్ళి పప్పు మెదపాలి.

మొదట ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. వాట్సాప్‌లో పడి సగం సమయం అక్కడే పోయేది. కుక్కర్ దగ్గర ఆ గొడవ లేదు, పైగా విజిల్స్ లెక్కపెట్టాలి కాబట్టి చేయి చురుగ్గా కదులుతుంది.

మొదటి రోజు తీసింది స్టవ్ కింది అర. మూతలు లేని డబ్బాలు 6, డబ్బాలు లేని మూతలు 11 తేలాయి. ఒక్క మూతా ఒక్క డబ్బాకీ పట్టలేదు, పట్టించి చూశాను కూడా. పోయిన మిక్సీ తాలూకు జార్లు మూడు. ఏడువందల వస్తువులు ఒకేసారి ఎదురుగా ఉంటే ఏది ఉంచాలో బుర్రకు తోచదు. పాతిక వస్తువులుంటే తోస్తుంది, అంతే. ఆ పూట పప్పు కూడా మాడలేదు.

ఇక్కడిదాకా అంతా బాగుంది. రెండు నెలలు గడిచాక బాల్కనీలోకి చూస్తే, అరల్లోంచి తీసినవన్నీ సంచుల రూపంలో అక్కడే కూర్చున్నాయి. పద్నాలుగు సంచులు. ఇవ్వడానికి తీసిపెట్టాను సరే, ఎవరికి, ఎప్పుడు, ఎవరు మోసుకెళ్ళాలి? ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. సామాను అరలోంచి తీయడం చిన్న పని, గడప దాటించడమే అసలు పని. ఇది ముందే తెలిసుంటే నాకు ఆ రెండు నెలలు మిగిలేవి.

అప్పటినుంచి అర ముట్టుకునే ముందే అందులోవి ఎక్కడికి పోతాయో అనుకుంటాను. పాత చీరలు, ప్యాంట్లు ఉన్నాయంటే వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల ఆవిడ ఉంది. బేరం గట్టిగా చేస్తుంది, తొమ్మిది చీరలకు ఒక చిన్న డబ్బా ఇస్తానంటుంది. తీసుకోకుండా చీరలు ఊరికే ఇచ్చేయడం మంచిది, లేకపోతే డబ్బా మళ్ళీ అరలోకే చేరుతుంది. దగ్గర్లో ఉన్న ఒక ఆశ్రమానికి తీసుకెళితే బాగున్నవే తీసుకున్నారు, వెలిసిపోయినవి వద్దన్నారు. వాళ్ళన్నది న్యాయమే. మనం కట్టుకోలేనిది ఇంకొకరు మాత్రం ఎందుకు కట్టుకోవాలి? వెలిసిన కాటన్ చీరలు ముక్కలు చేసి తుడుపు గుడ్డలకు ఉంచాను, ఇప్పటికీ అవే వాడుతున్నాం. ఎక్స్‌రే ఫిల్ములు పాత సామాన్ల అతను విడిగా అడిగి మరీ తీసుకున్నాడు. వాటిలో వెండి ఉంటుంది, దాన్ని వేరు చేసి తీస్తారు. పాత ఇన్వర్టర్ బ్యాటరీని కొత్తది కొన్నప్పుడు షాపువాళ్ళే తీసుకుని ధర తగ్గించారు.

మందుల డబ్బా మాత్రం గుండె గుభేలుమనిపించింది. గడువు దాటిన స్ట్రిప్పులు 40కి పైనే. మామగారు పోయి ఐదేళ్ళయినా ఆయన బీపీ మాత్రలు ఇంకా ఉన్నాయి. ఇలాంటి మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీ సెల్లులు తడి చెత్తలో, పొడి చెత్తలో కలపకుండా ప్రమాదకర గృహ వ్యర్థాలుగా విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. నేను మాత్రలు రేకులోంచి తీసి, పాత కాఫీ పొడిలో కలిపి, కవరు మూతి కట్టి, పైన పెన్నుతో రాసి విడిగా ఇచ్చాను. ఖాళీ రేకులు కత్తెరతో ముక్కలు చేశాను.

భోగి మంట సంగతి కూడా చెప్పాలి. పాతవన్నీ అందులో వేసేస్తే పీడా పోతుందని అత్తయ్యగారి మాట. మొన్నటి భోగికి రెండు చాపలు పైకి తీశారు. ఆవిడ కాలంలో తుంగ చాపలు, నులక మంచాల కోళ్ళు వేసేవారు. ఇవి ప్లాస్టిక్ చాపలు. "అత్తయ్యా, ఇవి మంటలో వేస్తే అపార్ట్‌మెంట్ మొత్తం దగ్గుతుంది" అన్నాను. ఆవిడ నవ్వి, నాలుగు పిడకలు చాల్లే అన్నారు. చాపలు వాచ్‌మన్ కుటుంబం తీసుకుంది.

ఇక జాకెట్టు ముక్కలు. ఏ తెలుగు ఇల్లాలి బీరువాలోనైనా ఒక అర వీటిదే కదా. మా ఇంట్లో లెక్కపెడితే 63 తేలాయి. నోముకు, వ్రతానికి, పెళ్ళికి, శ్రీమంతానికి, వెళ్ళిన ప్రతిచోటా తాంబూలంలో ఒకటి. ఒక్కటీ కుట్టించుకునే గుడ్డ కాదు, పైగా మనకున్న ఏ చీరకూ కలవదు. మనం ఏం చేస్తాం, తర్వాత మన ఇంటికొచ్చిన వాళ్ళకు పెడతాం. వాళ్ళు ఇంకొకరికి పెడతారు. ఒక శ్రావణ శుక్రవారం నేను పసుపు మరక చూసుకోకుండా ఒక చిలకాకుపచ్చ ముక్క ఎదురింటావిడకు పెట్టాను. మరుసటి ఏడాది పై అంతస్తులో వరలక్ష్మీ వ్రతానికి వెళితే అదే ముక్క, అదే మరకతో నా ఒళ్ళోకి వచ్చింది. తెలిసినవాళ్ళను చూసినట్టు నవ్వొచ్చింది.

ఈ అరకు కుక్కర్ పద్ధతి పనిచేయలేదు. వారం రోజులు రోజూ అర తీయడం, ముక్కలు మడత పెట్టడం, మళ్ళీ పెట్టేయడం. చివరికి అన్నీ మూట కట్టి మా వీధి చివర టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. రెండేసి ముక్కలు కలిపి కూరగాయల సంచులు కుట్టించాను, సంచికి 30 రూపాయలు. పల్చగా ఉన్నా వంకాయలు, బెండకాయలు బాగానే మోస్తున్నాయి. ఇప్పుడు నేను తాంబూలంలో జాకెట్టు ముక్క బదులు ఆ సంచి పెడుతున్నాను. ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు, మిగతావాళ్ళు ఇంకోటి ఉందా అని అడిగారు.

ఇంకా చిక్కు దేవుడి పటాలతో వచ్చింది. శుభలేఖల మీద వినాయకుడు, క్యాలెండర్ మీద లక్ష్మీదేవి, తీర్థయాత్రలకు వెళ్ళిన ప్రతివాళ్ళూ తెచ్చిచ్చిన ఫోటోలు. చెత్తలో వేయడానికి చేయి రాదు. ఊళ్ళో అయితే చెరువుంది, ఇక్కడ రావి చెట్టు మొదట్లో వదిలేస్తారు. అక్కడ ఎండకు, వానకు, కుక్కలకు వాటి గతి చూశాక అదీ నచ్చలేదు. నేను చేసింది ఇది: ఫ్రేము విప్పి గాజు, చెక్క విడిగా పాత సామాన్లకు వేశాను. కాగితం బొమ్మలన్నీ స్నానం చేశాక ఒక శుభ్రమైన బకెట్లో నీళ్ళు పోసి నానబెట్టాను. మూడో రోజుకు మెత్తగా గుజ్జయింది, దాన్ని తులసి కోటకు దూరంగా మందార కుండీల్లో మట్టి కింద కలిపాను. ముందు ఆ గుజ్జు పిసకడానికి కూడా చేయి ఆడలేదు, అత్తయ్యగారు పక్కన నిలబడి "నిమజ్జనమే కదే, కానీ" అన్నాక చేశాను. పైన ప్లాస్టిక్ పొర ఉన్న శుభలేఖలు నానవు, బంగారు రంగు అచ్చు ఉన్నవి మట్టిలో వేయకూడదనిపించింది. అవి ఇంకా ఒక కవర్లో ఉన్నాయి. దానికి దారి దొరకలేదు.

ఇప్పుడు నా తప్పు. రెండో నెలలో మంచి ఊపు మీదున్నాను. అటక మీది ఇత్తడి సామాన్లు దింపి, వాడనివి తూకానికి వేసి కొత్త కుక్కరు తెచ్చుకుందామని ఒక కొట్టుకు పట్టుకెళ్ళాను. అందులో ఒక మరచెంబు ఉంది. మూత మర బిగుసుకుపోయి, అడుగున సొట్ట. రాత్రి అత్తయ్యగారు వెతుకుతుంటే చెప్పాను. "చెంబు కాదమ్మాయ్ అది" అన్నారు. వాళ్ళ నాన్నగారు పొలం తగాదాలో గుంటూరు కోర్టు వాయిదాలకు వెళ్ళినప్పుడల్లా రైల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన చెంబట. పదకొండేళ్ళు నడిచిందట ఆ దావా. పొద్దున్నే కొట్టుకు పరుగెత్తాను. రాత్రే లోడు పోయిందన్నారు. ఆవిడ ఒక్క మాట అనలేదు, మూడు రోజులు మాట్లాడనూ లేదు. ఆ తర్వాత నావి కాని వస్తువులు ముట్టుకోవడం మానేశాను. మా ఆయన దాచిన వైర్ల పెట్టె జోలికి కూడా వెళ్ళను. దాంట్లో ఏ ఫోనుకూ పనికిరాని ఛార్జర్లు 17 ఉన్నాయని తెలుసు.

అమ్మాయి పుస్తకాల విషయంలోనూ అదే. ఇంటర్ ఎంపీసీ మెటీరియల్, ఎంసెట్ ప్రశ్నపత్రాలు, స్లిప్ టెస్టుల కట్టలు. వీడియో కాల్లో ఒక్కొక్కటీ చూపించి అడిగితే మొదట "అమ్మా, ఏదీ పారేయకు" అంది. ఆర్నెల్లు ఆగి మళ్ళీ అడిగితే "అవింకా ఉన్నాయా?" అంది. 41 కిలోలు తూగాయి, కిలో 10 రూపాయల లెక్కన 410 వచ్చాయి. అందుకు కట్టిన ఫీజు తలుచుకోకపోవడం మేలు. కథల పుస్తకాలు మాత్రం తూకానికి వేయలేదు. మా ఆయన ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల వాళ్ళకు ఇచ్చి వస్తానని వెళ్ళి, ఇంకో నాలుగు కొనుక్కొచ్చారు.

పావుగంటకు లొంగనివి రెండున్నాయి. ఒకటి అటక. నిచ్చెన వేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎక్కేసరికే పప్పు ఉడికిపోతుంది. దానికి ఒక పూట కేటాయించి ఇద్దరు మనుషులను పెట్టుకోవాలి. రెండోది కాగితాలు. పావుగంట చూసి లోపల పెట్టేస్తే మర్నాడు మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది. ఒక రోజంతా డైనింగ్ టేబుల్ వదిలేసి కూర్చున్నాను. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పాలసీ బాండ్లు అసలువి ఒకే ఫైల్లో పెట్టాను. డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితాల్లాంటివి ఫోన్‌లో ప్రభుత్వ యాప్ డిజీలాకర్లో ఉంచుకున్నాను. ఆయా శాఖలు జారీ చేసి అందులో కనిపించేవాటికి అసలుతో సమానమైన చెల్లుబాటు ఉంది, మనం ఫోటో తీసి ఎక్కించినవాటికి లేదు. ఈ తేడా తెలియక జిరాక్సులన్నీ దాచేదాన్ని. ఆధార్ జిరాక్సులే 30 ఉన్నాయి, అన్నీ చించి తడిపి పారేశాను.

డబ్బు దండగ చేసిన సంగతీ చెప్తాను. మొదట్లోనే సర్దుకోవడానికని 12 ప్లాస్టిక్ పెట్టెలు 2,400 పెట్టి కొన్నాను. ఏం మిగులుతుందో తెలియకుండా పెట్టెలు కొనడం, పెళ్ళికూతురు కుదరకముందే జాకెట్లు కుట్టించడం లాంటిది. ఇప్పుడు వాటిలో నాలుగే పనికొస్తున్నాయి, రెండు పనిమనిషి పట్టుకెళ్ళింది, మిగతావి ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి.

మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర వేస్తాను. ఇల్లు పత్రికల్లో ఫోటోలా ఏమీ లేదు. డైనింగ్ టేబుల్ ఎడమ మూల నెలకోసారి మళ్ళీ నిండుతుంది, కరెంటు బిల్లులు, మాత్రలు, రబ్బరు బ్యాండ్లు. కానీ చుట్టాలు ఫోన్ చేస్తే ఇదివరకటిలా గుండె దడ లేదు. దివాన్ కింద చీపురు ఆ చివరిదాకా వెళుతోంది. పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలు మాత్రం ఇంకా కదల్లేదు. పెళ్ళికి ఇచ్చినవాళ్ళ పేరు అడుగున ఉంటే ఎవరికిద్దామన్నా భయమే, వాళ్ళ కంటపడితే?

ఎటూ తేలని వస్తువుల అట్టపెట్టె ఇప్పటికీ ఉంది. ఆరు నెలలు తెరవకపోతే ఇచ్చేయాలని నియమం పెట్టుకున్నాను. ఈసారి గడువు అయ్యాక అత్తయ్యగారి ముందు పెట్టి తెరిచాను. ఆవిడ చల్లకవ్వం, తాడు ఊడిన గవ్వల సంచి, బూరెల మూకుడు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని చూశారు. కవ్వం చేతుల మధ్య పెట్టి ఒకసారి తిప్పారు. తర్వాత అన్నీ లోపల పెట్టి, "పెన్నివ్వు" అన్నారు. పాత తేదీ కొట్టేసి, పక్కన కొత్త తేదీ వేశారు. ఆ అట్ట మీద కొట్టివేతలు ఇప్పుడు నాలుగు.