పిల్లల బొమ్మలకు పెద్ద టబ్బు మేలా, చిన్న డబ్బాలు మేలా, అటక మేలా?

ఐదేళ్ళ లోపు పిల్లలుండి, అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సాయంత్రానికి హాలు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాలు పెట్టే చోటుండదు. దీనికి మనవాళ్ళు చేసేవి మూడు: బొమ్మలన్నీ ఒకే పెద్ద టబ్బులో పడేయడం, రకానికో చిన్న డబ్బా పెట్టడం, లేదంటే సగం అటకెక్కించి మిగతా సగమే బయట ఉంచడం.

పెద్ద టబ్బు సుఖం పెద్దవాళ్ళకే. చుట్టాలు బయల్దేరామని ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ, కాదనను. కానీ తెల్లారగానే పాపకి లక్కపిడతల్లోని బుల్లి గరిటె కావాలి, అదేమో అడుగున ఎక్కడో ఉంటుంది, టబ్బు మొత్తం బోర్లించేస్తుంది, గరిటె దొరికాక మిగతా వాటి వంక కూడా చూడదు. పైగా ఒకదాని మీద ఒకటి పడి పాడవుతాయి. కొండపల్లి బొమ్మలు తేలికపాటి పొణికి కర్రతో చేసినవి, ఈ తాకిడికి అసలు నిలవవు. మీకు టబ్బే కావాలంటే మూత లేనిది తీసుకోండి. బరువైన మూత పెట్టెలు చిన్న వేళ్ళ మీద పడతాయి, నాకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

చిన్న డబ్బాలు బాగానే పనిచేస్తాయి, అయితే నాలుగు దాటకూడదు. కార్లు, బ్లాకులు, వంట సామాను, మిగతావన్నీ, అంతే. పది రకాలుగా విడదీస్తే ఆ సర్దుడు రోజూ మీ నెత్తినే పడుతుంది, మూడేళ్ళ పిల్లాడికి అది చేతకాదు. చదవడం రాదు కాబట్టి డబ్బా మీద బొమ్మ ఫోటో అంటించండి, వాడి మోకాలి ఎత్తులో ఉంచండి, ఎక్కడివక్కడ వాడే పెడతాడు. ర్యాకు కొంటే గోడకి స్క్రూలతో బిగించి తీరాలి, పిల్లలు మెట్లనుకుని ఎక్కేస్తారు, మీద పడుతుంది. అద్దింట్లో గోడకి డ్రిల్లు వేయనివ్వకపోతే ర్యాకు మానేసి డబ్బాల్ని నేల మీదే గోడవారగా పెట్టుకోండి. బ్లాకులకి ఇంకో చిట్కా: పాత దుప్పటి పరిచి దాని మీదే ఆడుకోమనండి, అయిపోయాక నాలుగు కొసలూ పట్టుకుని డబ్బాలోకి వంచేస్తే సరి.

ఇక అటక. నా ఓటు దీనికే. అమెరికాలో టోలెడో యూనివర్సిటీ వాళ్ళు 36 మంది చిన్నపిల్లల్ని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు, 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట. ఇంట్లో కూడా అంతే, రెండు మూడు వారాలు కనబడని బొమ్మ కిందకి దిగితే పిల్లలకి అది కొత్తదే. చిక్కల్లా మార్చడం గుర్తుండటం, అందుకు ఫోన్లో రిమైండర్ చాలు. నిద్రపోయేటప్పుడు పక్కనుండే కుక్కపిల్ల బొమ్మ లాంటిదాన్ని మాత్రం అటకెక్కించకండి, ఇల్లు దద్దరిల్లుతుంది.

ఇంట్లో పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడు ఇంకా పాకుతున్నాడు అంటే లెక్క మారుతుంది. అక్కడ పెద్ద టబ్బు పనికే రాదు, ఎందుకంటే అక్క బొమ్మల చిన్న ముక్కలు తమ్ముడి నోట్లోకి పోతాయి. టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టంలో పట్టే ముక్క ఏదైనా మూడేళ్ళ లోపు వాళ్ళకి అందకూడదు. అవన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలో, పైన. మాట్లాడే బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీలైతే ఇంకా ప్రమాదం, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఈ ఆదివారం ఓ గంట దొరికితే ముందు విరిగినవీ, బ్యాటరీ మూత ఊడినవీ తీసి అవతల పెట్టండి. మిగిలినవాటిలో సగం సంచిలో కట్టి పైకెక్కించేశాక చూసుకుని, అప్పుడు కొనండి డబ్బాలు. చాలా ఇళ్ళలో రెండు సరిపోతాయి.