జాగ్రత్త: ఆన్‌లైన్‌లో "జపాన్ ముద్ద హెపాటికా" విత్తనాలు కొనకండి

అమెరికాలో, కెనడాలో ఉంటూ తోటపని చేసే మన తెలుగువాళ్లకూ, ఇండియాలో మిద్దె తోటలు పెంచుకునేవాళ్లకూ ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. హెపాటికా అనే చలి ప్రాంతపు చిన్న అడవిపువ్వు మీద ఇష్టంతో నేను పోయిన ఏడాది రెండుసార్లు మోసపోయాను. మొదట విత్తనాలకు 14 డాలర్లు, తర్వాత మొక్కలకు 39 డాలర్లు పెట్టాను. ఇప్పుడు మళ్లీ అవే ఫొటోలు వేరే షాపు పేరుతో కనిపిస్తున్నాయి, అందుకే ఆలస్యం చేయకుండా చెబుతున్నాను.

మేము మిన్నెసోటాలో ఉంటాం. ఇక్కడ ఏప్రిల్ వచ్చినా చెట్లకు ఒక్క ఆకు ఉండదు, నీడ పట్టున ఇంకా మంచు ఉంటుంది. మినియాపోలిస్‌లో 1907లో మొదలైన ఎలోయిస్ బట్లర్ అడవిపూల తోట ఉంది. రెండేళ్ల కిందట అక్కడే ఈ పువ్వును మొదటిసారి చూశాను. ఎండిన ఆకుల మధ్య నుంచి జానెడు కూడా లేని కాడలు, వాటి మీద తెల్లటి నూగు, కొసన లేత నీలం పువ్వు. పోయిన ఏటి ఆకులు ముదురు ఎరుపు తిరిగి నేలకు అతుక్కుని ఉన్నాయి. కొత్త ఆకులు పూలు అయ్యాకే వస్తాయట. మబ్బు పట్టగానే పూలన్నీ ముడుచుకున్నాయి, ఎండ వచ్చాక మళ్లీ విచ్చుకున్నాయి. ఆరు నెలలు తెల్లటి మంచు తప్ప ఏ రంగూ చూడని కళ్లకు అది ఎలా ఉంటుందో ఇక్కడ ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆ ఇష్టంతోనే జనవరిలో ఫోన్‌లో వెతికాను. "జపాన్ ముద్ద హెపాటికా, 100 విత్తనాలు, పది రంగులు, ఈ వసంతంలోనే పూలు" అని ఒక ప్రకటన వచ్చింది. ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. మన ముద్ద మందారంలా రేకుల మీద రేకులు, ఊదా, గులాబీ, ఆకుపచ్చ అంచులు. నిజంగానే జపాన్‌లో, ముఖ్యంగా నీగాటా ప్రాంతంలో, ఇలాంటి రకాలు పెంచుతారు. అక్కడ దీన్ని యుకివరిసో అంటారు, అంటే మంచును చీల్చుకుని వచ్చే మొక్క అని. కాబట్టి ఫొటోలోని పువ్వు అబద్ధం కాదు. అబద్ధం దాని పక్కన రాసిన మాటలన్నీ.

పూర్తి ముద్ద రకాల్లో కేసరాలు, అండకోశం కూడా రేకులుగా మారిపోతాయి. వాటికి విత్తనమే కట్టదు. దుబ్బును విడదీసి నాటడమే దారి. విత్తనం కట్టని మొక్కకు వంద విత్తనాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ఒక్క ప్రశ్న నాకు ముందే తట్టి ఉంటే ఆర్డర్ పెట్టేదాన్ని కాదు.

మామూలు ఒంటిరేకు హెపాటికా విత్తనాలైనా ఇలా ప్యాకెట్లో ఎండబెట్టి అమ్మేవి కావు. ఆ గింజ ఇంకా పచ్చిగా ఉండగానే రాలిపోతుంది. దానికి అంటుకుని చీమలకు ఇష్టమైన కొవ్వు పదార్థం కొంచెం ఉంటుంది, దాని కోసం చీమలు గింజను మోసుకుపోయి మట్టిలో వదులుతాయి. అడవిలో ఈ మొక్క పాకేది అలాగే, అందుకే చాలా నెమ్మదిగా పాకుతుంది. గింజ ఎండితే మొలిచే శక్తి త్వరగా పోతుంది. రాలిన వెంటనే నాటినా వేసవి వెచ్చదనం, తర్వాత చలికాలం చల్లదనం రెండూ దాటితేనే మరుసటి వసంతంలో మొలక. ఆ ఏడాది సాధారణంగా రెండు బీజదళాలు, అంటే మొలకతో వచ్చే మొదటి ఆకులు, తప్ప ఇంకేమీ రావు. పువ్వు చూడాలంటే మూడేళ్లు, చాలాసార్లు అంతకంటే ఎక్కువే.

నా ప్యాకెట్లో వచ్చినవి ఎనిమిది రోజుల్లో మొలిచాయి.

ఆ కవరు మీద మొక్క పేరు లేదు, ఏ ఏడాది గింజలో లేదు. విదేశం నుంచి వచ్చింది, కస్టమ్స్ కాగితం మీద "పూసలు" అని రాసి ఉంది. అది చూసి కూడా నేను నాటాను, అది నా తప్పే. నెల తిరిగేసరికి మొక్కలు బెత్తెడు ఎత్తు లేచాయి. అప్పుడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడ కుండీ వైపు ఒక్కసారి చూసి, "ఇది తోటకూర జాతి కదమ్మా, పువ్వుల మొక్కంటావేంటి?" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే మిన్నెసోటాలో పామర్ అమరాంత్ అనే తోటకూర జాతి కలుపు మీద నిషేధం ఉంది. 2016లో అది ఈ రాష్ట్రంలో మొదటిసారి బయటపడింది కూడా నాటడానికి తెచ్చిన విత్తనాల మిశ్రమం ద్వారానే. నా కుండీలోది అదే అని నేను అనడం లేదు. కానీ ఏదో తెలియని గింజను రైతులున్న ఊళ్లో మట్టిలో పెట్టానన్న టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పూత రాకముందే వేళ్లతో సహా పీకి, కవర్లో మూట కట్టి, ఏం చేయాలో వ్యవసాయ శాఖ వాళ్లను అడిగి వాళ్లు చెప్పినట్టే చేశాను. 2020లో అడగకుండానే విదేశాల నుంచి విత్తనాల ప్యాకెట్లు వచ్చినప్పుడు నాటవద్దని అమెరికా వ్యవసాయ శాఖ హెచ్చరించింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డబ్బులిచ్చి తెప్పించుకున్నా ప్రమాదం అదే.

అమ్మినవాళ్లకు రాస్తే చాలా మర్యాదగా జవాబు ఇచ్చారు. "కొంచెం ఓపిక పట్టండి మేడమ్, 90 రోజుల్లో పూస్తాయి" అన్నారు. డబ్బు వాపసు అడగడానికి ఉన్న గడువు 30 రోజులు. ఆ ఓపిక దేనికో అప్పుడు అర్థమైంది. చివరికి కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ 14 డాలర్లు తిరిగి వచ్చాయి.

ఈలోగా హైదరాబాద్‌లో మా చెల్లెలు నా ఫొటోలు చూసి ముచ్చటపడి, మిద్దె మీద వేద్దామని అక్కడి ఆన్‌లైన్‌లో 199 రూపాయలకు అవే గింజలు తెప్పించింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఈ మొక్కకు నెలల తరబడి గట్టి చలి కావాలి. దీని బంధువు ఒకటి కశ్మీర్ వైపు కొండల్లో ఉంది గానీ, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు కాసే మన మిద్దెల మీద హెపాటికా బతకదు. విత్తనం అసలుదైనా బతకదు. దయచేసి డబ్బు, ఆశ రెండూ పోగొట్టుకోకండి.

ఇక రెండో మోసం. దీని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. విత్తనాలు వద్దు, మొక్కలే కొందామని మే నెలలో ఇక్కడి అమ్మకందారు దగ్గరే మూడు మొక్కలు తెప్పించాను. "నర్సరీలో పెంచినవి" అని స్పష్టంగా రాశారు. డబ్బా తెరిస్తే వేళ్లకు కుండీ మట్టి లేదు. నల్లటి అడవి మట్టి, నాచు, ఓక్ ఆకుల ముక్కలు, మధ్యలో ఇంకేదో అడవి మొక్క దుంప. పారతో తవ్వినప్పుడు తెగిన వేళ్లు తెగినట్టే ఉన్నాయి. ఎవరో అడవికి వెళ్లి ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న దుబ్బులను పెకలించి నాకు పంపారు. వాటిలో రెండు జూన్ దాటలేదు. చీమలు ఒక్కొక్క గింజ మోసి పెంచిన మొక్కను నేను డబ్బిచ్చి చంపించినట్టు అనిపించింది.

తర్వాత తెలిసిందేమిటంటే, "నర్సరీలో పెంచినది" అన్న మాటకు పెద్ద అర్థం లేదు. అడవిలో తవ్వి తెచ్చి కొన్నాళ్లు కుండీలో ఉంచినా ఆ మాట వాడేస్తారు. అడగాల్సింది "ఈ మొక్కను మీరే విత్తనం నుంచి గానీ, మీ దుబ్బు విడదీసి గానీ తయారు చేశారా?" అని. నిజంగా చేసినవాళ్లు ఏ ఏడాది విత్తారో కూడా సంతోషంగా చెబుతారు. తప్పించుకునేవాళ్లు "ఆరోగ్యమైన మొక్క, గ్యారంటీ" అంటూ మాట మారుస్తారు. ధర చూసినా తెలుస్తుంది. నాలుగేళ్లు సాకిన మొక్కను ఎవరూ కారుచౌకగా ఇవ్వలేరు. ఫొటోలో పువ్వును కాదు, ఆకును చూడండి. ఇక్కడి అడవి రకాలకు ఆకు మూడు భాగాలుగా ఉంటుంది, ఒక రకానికి కొసలు గుండ్రం, ఇంకో రకానికి మొన తేలి ఉంటుంది. చాలా దొంగ ప్రకటనల్లో పువ్వు కింద చామంతి ఆకులు కనిపిస్తాయి. రివ్యూలు కూడా "త్వరగా వచ్చింది" అనే ఉంటాయి, పూసిన ఫొటో ఒక్కటీ ఉండదు.

ఇంకో మాట. ఆకు ఆకారం కాలేయంలా ఉందని దీనికి ఆ పేరు వచ్చింది, గ్రీకులో హెపార్ అంటే కాలేయం. ఆ పోలికతోనే పాతకాలంలో కాలేయానికి మందుగా వాడారు. ఇప్పుడూ కొందరు ఎండు ఆకుల పొడి అమ్ముతున్నారు. పచ్చి మొక్క రసం చర్మానికీ, కడుపుకీ మంట పుట్టిస్తుంది. మూలిక అనుకుని కషాయాలు కాచుకోకండి, చిన్నపిల్లలకు అందేచోట పెట్టకండి.

మీలో ఎవరైనా ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే, ప్రకటన పేజీని, ఫొటోలను, వాళ్లు రాసిన మాటలను ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను రెండో ఫిర్యాదు చేసేటప్పటికి ఆ పేజీ తీసేశారు, చూపించడానికి ఏమీ లేక ఆ 39 డాలర్లు రాలేదు. ప్యాకెట్ వస్తే తెరవకుండా, కవరుతో సహా ఫొటో తీయండి. 90 రోజులు ఆగమంటే ఆగకండి, వాపసు గడువు లోపలే ఫిర్యాదు పెట్టండి.