ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లల కోసం ఇంటి ప్రయోగాల పెట్టె: వాడి చూసిన తరువాత

వేసవి సెలవుల్లో మా కాలనీలో ఉన్నత పాఠశాల తరగతులు చదివే పిల్లలతో కలిసి ఈ పెట్టెను మొదటి నుంచి చివరి వరకు వాడి చూశాను. భౌతికశాస్త్రం బోధించేవాడిని కాబట్టి పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయన్నది నాకు ముఖ్యం కాదు. వాటితో పిల్లలు కొలవడం, గమనించడం, గమనించినదాన్ని ఉన్నదున్నట్లు రాసిపెట్టడం నేర్చుకోగలరా అన్నదే నా ప్రశ్న. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "150 ప్రయోగాలు" అని ముద్రించారు కాని, అందులో సగానికి పైగా ప్రదర్శనలే. రంగు మారడం, బుడగలు రావడం, అయస్కాంతానికి మేకు అతుక్కోవడం వంటివి చూడటానికి బాగానే ఉంటాయి కాని, వాటిలో పిల్లవాడు తేల్చుకోవలసిన ప్రశ్న అంటూ ఏదీ ఉండదు. మిగిలినవి మాత్రం శ్రద్ధగా తయారుచేసినవి. ఈ పెట్టెను కొనమని చెప్పడానికి అవే కారణం.

అన్నిటికంటే ముందుగా చెప్పవలసింది దీనితో వచ్చే కరదీపిక గురించి. మన పిల్లల రికార్డు పుస్తకాల్లో ఉద్దేశం, పరికరాలు, విధానం, పట్టిక, ఫలితం అన్న వరుస ఉంటుంది. ఫలితం ఏం రావాలో గైడులో ముందే ఉంటుంది కనుక చాలామంది పట్టికను కింది నుంచి పైకి నింపుతారు. ఈ కరదీపిక రాసినవారు ఆ అవకాశం ఇవ్వలేదు. ఏ ప్రయోగానికీ ఫలితం ముద్రించలేదు. ప్రతి కొలతకూ మూడు గడులు ఇచ్చి, మూడుసార్లు కొలిచి మూడూ రాయమన్నారు. పట్టిక కింద "మూడు కొలతల మధ్య తేడా ఎంత వచ్చింది? ఎందుకు వచ్చి ఉంటుంది?" అని అడిగారు. ప్రయోగం మొదలుపెట్టే ముందు "ఏం జరుగుతుందని నువ్వు అనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకు పెన్నుతోనే జవాబు రాయాలి, తరువాత దిద్దకూడదు. తెలుగు పాఠం చక్కగా ఉంది, పారిభాషిక పదాలు ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే వాడారు, అందువల్ల పిల్లలు ఎక్కడా తడబడలేదు.

దీని ప్రయోజనం నీటి మరుగు స్థానం కనుక్కునే ప్రయోగంలో బాగా కనిపించింది. పెట్టెలో ఎర్ర ద్రవం ఉన్న థర్మామీటర్లు రెండు ఇచ్చారు, రెండింటి మీదా సున్నాకు పది డిగ్రీల దిగువ నుంచి 110 వరకు గీతలున్నాయి. బీకరులో నీళ్లు కళపెళ మరుగుతున్నా ఒక థర్మామీటరు 98 దగ్గర నిలిచిపోయింది, రెండోది 99 చూపింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "సార్, ఇంకా రెండు డిగ్రీలు ఎక్కాలి కదా, మంట పెంచమంటారా?" అని అడిగింది. మంట పెంచాం. నీళ్లు ఇంకా జోరుగా మరిగాయి తప్ప ఎర్ర గీత కదలలేదు. పక్కనున్న అబ్బాయి అప్పటికే తన పట్టికలో 100 అని రాసేసుకున్నాడు.

కరదీపిక ఇక్కడ రెండు పనులు చెబుతుంది. మొదటిది, కరుగుతున్న మంచు ముక్కల మధ్య ఆ రెండు థర్మామీటర్లనే ఉంచి ఎంత చూపుతాయో రాసుకోవడం. మాకు ఒకటి సున్నా చూపింది, రెండోది ఒక డిగ్రీ చూపింది. అంటే రెండోది ఎప్పుడూ ఒక డిగ్రీ ఎక్కువ చూపుతున్నదన్నమాట, ఆ ఒక్కటీ తీసేస్తే మరిగే నీటిలో కూడా రెండూ 98 దగ్గరే కలుస్తాయి. రెండో పని, తామున్న ఊరు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవడం. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు సుమారు 300 మీటర్లు పెరిగినప్పుడల్లా గాలి పీడనం తగ్గి, నీటి మరుగు స్థానం దాదాపు ఒక డిగ్రీ పడిపోతుంది. ఆ లెక్కన మా ఊళ్లో నీళ్లు 98 డిగ్రీలకు కాస్త పైన మరగాలి, మరిగాయి కూడా. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఇదే పెట్టెతో ఇదే ప్రయోగం చేసే పిల్లలకు 100కు దగ్గరగా వస్తుంది, 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97 దగ్గర వస్తుంది. 100 అని రాసుకున్న అబ్బాయి దాన్ని కొట్టేసి 98 రాశాడు. కొట్టేసిన అంకె కూడా కనబడాలని, రబ్బరుతో చెరపవద్దని కరదీపికలోనే ఉంది.

రెండు థర్మామీటర్లు ఒక డిగ్రీ తేడాతో రావడం నిజానికి తయారీ లోపమే. కాని ధర తక్కువైన థర్మామీటర్లలో ఆ మాత్రం తేడా సాధారణం. దాన్ని దాచకుండా మంచుతో సరిచూసుకునే పద్ధతి నేర్పడం నాకు ఎంతో నచ్చింది. పరికరం చెప్పిందే వేదమని నమ్మే అలవాటు పిల్లల్లో ముదరకముందే ఇలాంటి పాఠం అందాలి.

కొలత పరికరాల్లో లఘులోలకం భాగం మిక్కిలి చక్కగా కుదిరింది. సుమారు 2 సెంటీమీటర్ల వ్యాసమున్న లోహపు గుండు, సాగని దారం, దారాన్ని బిగించడానికి చీలిక బిరడా, స్టాప్‌వాచ్ ఇచ్చారు. ఒక్క డోలనానికి, అంటే గుండు ఒకసారి అటూ ఇటూ ఊగి తిరిగి రావడానికి పట్టే కాలం కొలవమంటే పిల్లలకు ఒక్కోసారి 1.8, ఒక్కోసారి 2.2 సెకన్లు వస్తున్నాయి. బొటనవేలు నొక్కడంలో జరిగే ఆలస్యమే దానికి కారణం. ఇరవై డోలనాల కాలం కొలిచి ఇరవైతో భాగించినప్పుడు ఆ ఆలస్యం కూడా ఇరవై భాగాలైపోతుంది. మీటరు పొడవున్న లోలకానికి ఇరవై డోలనాలకు 40 సెకన్లు, అంటే ఒక్కో దానికి 2 సెకన్లు వచ్చాయి. ఈ ఉపాయం పిల్లల చేత కనిపెట్టించేలా ప్రశ్నలు కూర్చారు, నేరుగా చెప్పేయలేదు. పొడవు విషయంలో కూడా అంతే జాగ్రత్త పడ్డారు. చాలామంది దారం పొడవు మాత్రమే కొలిచి ఊరుకుంటారు, కాని లోలకం పొడవు గుండు కేంద్రం వరకు లెక్కించాలి. గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు వదిలేస్తే, లోలకం పొడవు, డోలన కాలాలతో లెక్కగట్టే గురుత్వ త్వరణం 9.8కి బదులు 9.7 వస్తుంది. అందుకని ముందు, వస్తువును రెండు దవడల మధ్య పట్టి సూక్ష్మంగా కొలిచే వెర్నియర్ కాలిపర్స్‌తో గుండు వ్యాసం కొలిపించి, తరువాతే లోలకం కట్టిస్తారు. వెర్నియర్ ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకు ఇలా చెప్పకుండానే తెలుస్తుంది.

అయితే ఆ వెర్నియర్ కాలిపర్సే ఈ పెట్టెలో నిరాశపరచిన వస్తువు. అది అచ్చుపోసిన ప్లాస్టిక్‌ది. దాని రెండు దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పెడితే కింది భాగంలో సన్నని సందు కనిపిస్తుంది, పై భాగం మాత్రం కలుసుకుంటుంది. 9 మిల్లీమీటర్లను పది భాగాలు చేసి 0.1 మిల్లీమీటరు కనీసపు కొలత చూపవలసిన పరికరంలో దవడలే సమాంతరంగా లేకపోతే, గుండును ఏ చోట పట్టుకున్నామన్నదాన్ని బట్టి కొలత మారిపోతుంది. శూన్యాంశ దోషం, అంటే దవడలు మూసినా సున్నా చూపకపోవడం అయితే ప్రతి కొలత నుంచీ తీసివేయవచ్చు, ఇది అలా తీసివేయడానికి వీలయ్యే దోషం కాదు. తల్లిదండ్రులకు నా సలహా ఏమిటంటే, ప్రయోగశాల పరికరాలు అమ్మే దుకాణంలో ఒక మామూలు ఉక్కు వెర్నియర్ విడిగా కొనండి. అది పదేళ్లు పనికొస్తుంది.

కొలజాడీ గురించి కూడా ఇలాంటి మాటే చెప్పాలి. పిల్లలు తీసుకువెళ్లేటప్పుడు పగలకుండా ఉండాలని ప్లాస్టిక్‌ది ఇచ్చారు. గాజు పాత్రలో నీటి ఉపరితలం అంచుల దగ్గర పైకి పాకి, మధ్యలో కిందికి వంగుతుంది. కంటిని ఆ మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉంచి వంపు అట్టడుగును చదవడం ప్రయోగశాలలో నేర్పే తొలి విద్యల్లో ఒకటి. ప్లాస్టిక్‌కు నీరు అంతగా అంటుకోదు కాబట్టి ఇందులో ఉపరితలం దాదాపు చదునుగా ఉండిపోయింది. కరదీపికలో వంపు బొమ్మ ఉంది, చేతిలోని జాడీలో వంపు లేదు. పిల్లలు ఆ తేడాను గమనించి అడిగారు, అందుకు సంతోషించాను. కాని ఆ నైపుణ్యం నేర్పాలంటే నేను బడి నుంచి గాజు కొలజాడీ తెచ్చుకోవలసి వచ్చింది. జాడీ మీది గీతలు మాత్రం సరైనవే. వంటింటి డిజిటల్ తూకంలో 50 మిల్లీలీటర్ల నీళ్లు తూచి చూశాం, ఇంచుమించు 50 గ్రాములే వచ్చాయి.

రసాయనశాస్త్ర భాగంలో గాఢ ఆమ్లాలు ఇవ్వకపోవడం మంచి నిర్ణయం. నిమ్మరసం, వెనిగర్, వంట సోడా, తాంబూలపు సున్నంతో చేసుకున్న సున్నపు తేట, వీటితోనే ఆమ్ల క్షార పరీక్షలన్నీ నడుస్తాయి. లిట్మస్ కాగితాలు, క్షారంలో గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ పెట్టెలో ఉన్నాయి. పసుపు కాగితాన్ని, మందార పూల రసాన్ని పిల్లలే తయారుచేసుకోవాలి. వంట సోడా ద్రావణంలో పసుపు రంగు మారడం స్పష్టంగా తెలియలేదు, ఫినాఫ్తలీన్ కూడా లేత గులాబీ దగ్గరే ఆగింది. అదే సున్నపు తేటలో పసుపు ఎర్రబారింది, ఫినాఫ్తలీన్ చిక్కని గులాబీ రంగుకు వచ్చింది. ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, పీహెచ్, సుమారు 8.2 దాటాకగాని ఫినాఫ్తలీన్ రంగు పట్టదు కనుక క్షారాలన్నీ ఒకే బలం గలవి కావని పిల్లలు తమంత తామే గ్రహించారు. మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో ఇనుప మేకు వేసే ప్రయోగం అందరూ ఎరిగినదే కనుక దాని గురించి ఎక్కువ రాయను.

భద్రత విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. పెట్టెలో సారాయి (స్పిరిట్) దీపం ఉంది, మెగ్నీషియం తీగ ఉంది, కంటికి రక్షణగా పెట్టుకునే కళ్లద్దాలు లేవు. మెగ్నీషియం మండేటప్పుడు వచ్చే వెలుగును నేరుగా చూడకూడదన్న హెచ్చరిక కరదీపికలో చివరి పుటల్లో ఎక్కడో ఉంది. అది ఆ ప్రయోగం మొదటి వాక్యంగా ఉండవలసింది. మైలతుత్తం మింగితే హాని చేస్తుంది, ఆ సంగతి సీసా మీద రాయలేదు. పైగా సీసాల మీది కాగితపు చీటీలు తడి చేతులతో ముట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రెండు తెల్ల పొడుల సీసాల మీద పేర్లు చెరిగిపోతే ఏది ఏమిటో పిల్లవాడు రుచి చూసి తేల్చుకునే ప్రమాదం ఉంది. నేను అన్నిటి మీదా చెరగని ఇంకుతో మళ్లీ పేర్లు రాసి, పైన పారదర్శక టేపు అంటించాను. కొన్న వెంటనే మీరూ ఆ పని చేయండి, కళ్లద్దాలు కొన్న తరువాతే దీపం వెలిగించండి.

విద్యుత్ భాగంలో అమ్మీటరు, వోల్ట్‌మీటరు లేవు, కాబట్టి విద్యుత్ ప్రవాహానికీ వోల్టేజీకీ ఉన్న సంబంధం చెప్పే ఓమ్ నియమం దీనితో సరిచూడలేం. బల్బు వెలిగించి ఊరుకోవడమే. కుంభాకార కటకం నాణ్యమైనది, దూరపు చెట్టు ప్రతిబింబాన్ని గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పట్టి నాభ్యంతరం (కటకం నుంచి ఆ ప్రతిబింబం వరకు ఉన్న దూరం) కొలవవచ్చు.

ఇక పరిశోధనకు అసలైన శిక్షణ ఇచ్చేది పెసల మొలకల ప్రయోగం. పొడి దూది, తడి దూది కిటికీ దగ్గర, తడి దూది చీకటి అల్మారాలో, తడి దూది ఫ్రిజ్‌లో, కాచి చల్లార్చిన నీళ్లలో పూర్తిగా ముంచి గాలి అందకుండా పైన నూనె పోసినది, ఇలా ఐదు కప్పులు. చీకట్లో మొలకెత్తవని పిల్లలందరూ ముందుగా రాశారు. అవి మొలకెత్తాయి, పైగా కిటికీ దగ్గరివాటికంటే పొడుగ్గా, పాలిపోయి పెరిగాయి. మొలకెత్తడానికి వెలుతురు అక్కరలేదని, ఆ తరువాత ఆకుపచ్చగా ఎదగడానికే అది కావాలని వాళ్లు రాసుకున్న తీరు చూస్తే ఏ ఉపాధ్యాయుడికైనా తృప్తి కలుగుతుంది. కాని ఇక్కడ కరదీపికలో ఒక పొరపాటుంది. ఫ్రిజ్‌లోని కప్పును కిటికీ దగ్గరి కప్పుతో పోల్చమన్నారు. ఫ్రిజ్‌లో చలి ఒక్కటే కాదు, తలుపు మూస్తే చీకటి కూడా ఉంటుంది. ఒకేసారి రెండు చలరాశులు (మార్చి చూసే అంశాలు) మారినప్పుడు మొలకలు రాకపోవడానికి ఏది కారణమో చెప్పలేం, కనుక దాన్ని అల్మారాలోని కప్పుతోనే పోల్చాలి. ఒక్కో కప్పులో ఐదు గింజలు వేయమనడం కూడా సరికాదు. పుచ్చు గింజలు రెండు పడితే ఫలితమే తారుమారవుతుంది. పెసలు ఖరీదైన వస్తువేమీ కాదు, ఇరవై గింజలు వేయించండి.

ధర రెండున్నర వేల రూపాయలకు కొంచెం తక్కువ. ఉక్కు వెర్నియర్, గాజు కొలజాడీ, కళ్లద్దాలు కలుపుకుంటే దాదాపు మరో వెయ్యి అవుతుంది. అంతా కలిపినా కరదీపిక కోసమే ఇది కొనదగినదని నా అభిప్రాయం. పెద్దవాళ్లు పక్కన కూర్చునే తీరిక లేని ఇళ్లలో మాత్రం దీపం, మెగ్నీషియం, మైలతుత్తం తీసి విడిగా దాచి, మిగతా పెట్టెను పిల్లలకు ఇవ్వండి. ఒక పెట్టె చుట్టూ ముగ్గురికి మించి కూర్చోబెట్టకండి, నాలుగోవాడు చూస్తూ ఉండిపోతాడు. లిట్మస్ కాగితాలు, ఫినాఫ్తలీన్ తొందరగా అయిపోతాయి, వాటిని అమ్మినవారే విడిగా కూడా ఇస్తున్నారు కనుక మొదటిసారే ఒక్కో పొట్లం ఎక్కువ తీసుకోవడం మంచిది.